నొగ మీద బరువు: మోటార్‌సైకిల్ వెనక ట్రైలర్ ఊగిన ఒక కేసు

గోదావరి పశ్చిమ డెల్టాలో నాకు వెల్డింగ్ షాపు ఉంది. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకి ఫ్రేములు, ట్రాక్టర్ తొట్టెలు, చెరువు తూములకి గేట్లు మా రోజువారీ పని. మోటార్‌సైకిల్‌కి తగిలించే ట్రైలర్లు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. వాటిలో ఈ ఒక్కదాని గురించి వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో నేను రెండుసార్లు తప్పు చోట పనిచేశాను. రెండుసార్లూ పని గట్టిగానే చేశాను, రోగం మాత్రం వేరే చోట ఉంది. రైతు పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం నా పుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

రైతుకి యాభై దాటాయి. నాలుగు ఎకరాల్లో వనామీ రొయ్యల సాగు. రొయ్యల మేత బస్తా 25 కిలోలు. పంట సగానికి వచ్చేసరికి ఆయనకి రోజుకి ఆరు బస్తాలు కావాలి. బస్తాలు ఊళ్ళో ఇంటి దగ్గరుంటాయి. చెరువులు ఏడు కిలోమీటర్ల దూరంలో, కాలువ గట్టు రోడ్డు మీద. రోజూ ఆటో కిరాయి భరించలేక వేరే చోట ఒక ట్రైలర్ చేయించుకుని, తన 150 సీసీ బండికి తగిలించారు. బండి బరువు సుమారు 145 కిలోలు.

ఆ ట్రైలర్ చూడటానికి బాగుంది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న పెట్టె, రెండు స్కూటర్ చక్రాలు. ఇరుసు సరిగ్గా పెట్టె మధ్యలో ఉంది. పెట్టె ముందు నుంచి రెండడుగుల నొగ, అంటే ట్రైలర్‌ని బండికి కలిపే పొడవాటి కమ్మీ. ఆ నొగ చివర ఒక చెవి, అది బండి క్యారియర్ పైపుకి వెల్డింగ్ చేసిన ఇంకో చెవిలో కూర్చుంటుంది, మధ్యలో నిలువు పిన్ను. తగిలించిన చోటు నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు. ఖాళీ ట్రైలర్ 62 కిలోలు తూగింది.

మన రోడ్ల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. డెల్టా నేల చదును. మనకి ఎత్తుపల్లాలంటే కాలువ వంతెనలే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన పెద్ద కాలువల్లో పడవలు కూడా తిరిగేవి, అందుకని పాత వంతెనలు చాలాచోట్ల ఎత్తుగా, వీపు ఉబ్బినట్టు ఉంటాయి. ట్రైలర్‌లో ఉన్న లోపం చదును రోడ్డు మీద నెలల తరబడి బయటపడదు. వంతెన ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బయటపడుతుంది. అక్కడ పక్కనే నీళ్ళుంటాయి.

వచ్చిన సమస్య

"మేస్త్రీ, కొక్కెం లూజైపోయిందండి. కాస్త గట్టిగా బిగించి పెట్టండి" అంటూ వచ్చారు. మోకాలికి కట్టు ఉంది. అడిగితే చెప్పారు. వంతెన దిగుతుంటే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టిందట. బ్రేకు వేశారు. ఊపు ఇంకా పెరిగింది, బండి వెనక చక్రం కాలువ వైపు జరిగింది. గట్టు మీద గడ్డిలో పడ్డారు. ఒక బస్తా కాలువలోకి పోయింది.

ఇంకా అడిగాను. ఖాళీగా వస్తున్నప్పుడు ఊగుతుందా? ఊగదన్నారు. ఎంత స్పీడులో? ముప్పై అయిదు దాటితే మొదలవుతుంది, నలభైలో హ్యాండిల్ కూడా వణుకుతుంది. బస్తాలు ఎవరు వేస్తారు? కుర్రాడు. ఎలా వేస్తాడు? ఆ ప్రశ్నకి జవాబు వినకుండానే నేను కొక్కెం వైపు చూశాను. ఆ జవాబు కోసం ఆగి ఉంటే ఈ కేసు రెండు వారాలు ముందు తేలేది.

మొదటి ప్రయత్నం: బిగించడం

పిన్ను రంధ్రం అరిగి కోడిగుడ్డులా అయింది. వేలు పెట్టి కదిపితే టకటకా కొడుతోంది. ఊగడానికి కారణం ఇదేనని అనుకున్నాను. రంధ్రంలో బుష్, అంటే లూజు తీసే చిన్న గొట్టం, వేశాను, ఒక చెవి ఉన్నచోట పైనా కిందా రెండు చెవులు పెట్టాను, పిన్ను కొత్తది చేశాను. చేత్తో పట్టి ఊపితే ఈసారి ఇసుమంత కూడా కదల్లేదు.

మూడో రోజే ఫోన్ చేశారు. "టకటక పోయిందండి, కానీ మలుపులో బండి వాలట్లేదు. ఎవరో పట్టుకుని నిలబెట్టినట్టుంది." నలభైలో ఊపు మాత్రం అలాగే ఉంది.

నా పొరపాటు అప్పుడు తెలిసింది. నేను ట్రైలర్ల పని నేర్చుకున్నది ట్రాక్టర్ల దగ్గర. ట్రాక్టర్ మలుపులో వాలదు. దాని వెనక ట్రైలర్‌కి ఎడమకీ కుడికీ తిరిగే వీలు, కొంచెం పైకీ కిందకీ ఆడే వీలు ఉంటే చాలు. మోటార్‌సైకిల్ మలుపు తిరగాలంటే వాలి తీరాలి. రెండు చక్రాల ట్రైలర్ వాలదు. కాబట్టి ఈ రెంటి మధ్యా మెలి తిరిగే వీలు కూడా ఉండాలి. పాత కొక్కెంలో ఆ వీలు ఎవరూ పెట్టలేదు. రంధ్రం అరిగి వచ్చిన లూజే ఇన్నాళ్ళూ ఆ పని చేసింది. నేను బుష్ వేసి ఆ కాస్త వీలూ తీసేశాను. మలుపులో బండి వాలబోతే ట్రైలర్ దాన్ని నిటారుగా లాగింది. వెంటనే తెచ్చేయమని చెప్పాను, ఆ రెండు చెవులూ కోసేశాను.

రెండో ప్రయత్నం: బరువు ముందుకి

ఈసారి ఆరు బస్తాలూ తెమ్మని, కుర్రాణ్ణి కూడా తీసుకురమ్మన్నాను. నువ్వు రోజూ ఎలా వేస్తావో అలాగే వెయ్యమన్నాను. వెనక తలుపు దించాడు, అందుబాటుగా ఉన్నచోట, అంటే వెనక భాగంలో, నాలుగు పేర్చాడు. మిగతా రెండు ముందుకి తోశాడు. పిన్ను తీసి నొగ నా చేతిలో పట్టుకున్నాను. బరువే లేదు. చెయ్యి వదిలితే నొగ మెల్లగా పైకి లేచింది.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎడ్లబండికి ధాన్యం బస్తాలు వేసేవాళ్ళు కాడి ఎత్తి చూసి కానీ బండి కట్టేవారు కాదు. నొగ తేలిపోతే బండి వెనక్కి ఒరిగి ఎద్దుల మెడకి పలుపు బిగుస్తుంది. మరీ బరువైతే ఎద్దుల మెడ పుండవుతుంది. ఆ లెక్క ఇక్కడా పనికొస్తుంది. మోటార్‌సైకిల్ స్పీడుగా పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి కూడా.

దీని వెనక ఉన్న సంగతి ఇది. ట్రైలర్ తోక ఒకసారి పక్కకి పోయిందనుకోండి. బరువు ఇరుసుకి ముందు ఉంటే చక్రాలు దాన్ని మళ్ళీ దారిలోకి లాగుతాయి. బరువు ఇరుసుకి వెనక ఉంటే ఆ బరువే తోకని ఇంకాస్త బయటికి తోస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఊపు చల్లారడానికి ఎక్కువసేపు పడుతుంది. ఒక హద్దు దాటాక చల్లారదు, ఒక్కో ఊపుకీ పెరుగుతుంది. అందుకే ఆయన ముప్పైలో హాయిగా వెళ్ళి, నలభైలో పడ్డారు. కార్ల ట్రైలర్లకి సాధారణంగా చెప్పే లెక్క, మొత్తం బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా నొగ మీద పడాలని. మోటార్‌సైకిల్‌కి నేను పదో వంతు దగ్గర ఉండేలా చూస్తాను.

ఇది తెలిశాక కూడా నేను తొందరపడ్డాను. బస్తాలన్నీ ముందు గోడకి ఆనించి వెయ్యమని చెప్పి పంపాను. తోక ఊపు పోయింది. కానీ రెండో రోజు ఆయనే షాపుకి వచ్చి, వంతెన ఎక్కుతుంటే హ్యాండిల్ చేతిలో లేనట్టు తేలిపోతోందన్నారు.

ఈసారి నొగ కింద తూకం మిషన్ పెట్టాను. 42 కిలోలు. ఆ 42 కిలోలు పడే చోటు మోటార్‌సైకిల్ వెనక ఇరుసుకి 45 సెంటీమీటర్లు వెనకాల ఉంది. వెనక ఇరుసుకి వెనక పడ్డ ఏ బరువైనా ముందు చక్రాన్ని ఎత్తుతుంది. ఆ బండి రెండు చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు. 42ని 45తో గుణించి 130తో భాగిస్తే, ముందు చక్రం మీద నుంచి సుమారు 14.5 కిలోలు పోయినట్టు. దీనికి తోడు వంతెన ఎక్కేటప్పుడు 212 కిలోల ట్రైలర్ బండిని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు 75 సెంటీమీటర్ల ఎత్తులో పడుతోంది కాబట్టి అదీ ముందు చక్రాన్నే ఎత్తుతుంది. దిగేటప్పుడు ఇదే తిరగబడుతుంది. బ్రేకు లేని ట్రైలర్ అంత ఎత్తు నుంచి బండిని ముందుకి తోస్తుంది. బండి, ట్రైలర్ ఒకే గీత మీద లేకపోతే ఆ తోపు పక్కకి పోతుంది. ఆయన మొదటిసారి బ్రేకు వేసినప్పుడు జరిగింది అదే.

పనిలో పనిగా దారం పెట్టి కొలిచాను. నొగ కొస నుంచి ఎడమ చక్రం కేంద్రానికీ కుడి చక్రం కేంద్రానికీ దూరం సమానంగా ఉండాలి. ఇక్కడ దాదాపు రెండు సెంటీమీటర్ల తేడా వచ్చింది. అంటే ట్రైలర్ పుట్టినప్పటి నుంచీ కాస్త అడ్డంగానే నడుస్తోంది.

పాతది పక్కన పెట్టడం

ఇక్కడ ఆయనకీ నాకూ మాట తేడా వచ్చింది. ఇరుసు జరిపి, కొక్కెం మార్చి, పాతదే సరిచేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏం జరిపినా మిగిలే సమస్య ఒకటుంది. 145 కిలోల బండి వెనక 212 కిలోలు. అంత బరువు ఒకసారి కదిలితే ఆపే శక్తి ముందున్న బండికి లేదు.

ఎంత బరువు తగునో చెప్పడానికి నేను బ్రిటన్ నిబంధనని కొలతగా పెట్టుకున్నాను. అక్కడ మోటార్‌సైకిల్ ట్రైలర్లకి స్పష్టమైన హద్దులున్నాయి. బండి 125 సీసీ దాటి ఉండాలి. సరుకుతో కలిపి ట్రైలర్ బరువు 150 కిలోలు గానీ, బండి బరువులో మూడింట రెండు వంతులు గానీ, ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. వెడల్పు ఒక మీటరు మించకూడదు. బండి వెనక ఇరుసు నుంచి ట్రైలర్ చివర దాకా రెండున్నర మీటర్లు మించకూడదు. అది మన చట్టం కాదు, కానీ ఆ అంకెల్లో అర్థం ఉంది. ఆ లెక్కన ఆయన 150 సీసీ బండికి తగిన ట్రైలర్ సుమారు 97 కిలోలు. ఆయన లాగుతున్నది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ.

ఇంట్లో వాళ్ళబ్బాయి వదిలేసి వెళ్ళిన 350 సీసీ బండి ఉంది, 190 కిలోలు. దానికి 126 దాకా రావచ్చు. ట్రైలర్‌ని 40 కిలోల లోపు చేస్తే మూడు బస్తాలు వేయొచ్చు.

"ఆరు బస్తాలు మోసేది మూడంటే ఎలాగండి?"

"రెండుసార్లు తిరగాలండి."

ఆయనకి నచ్చలేదు. అర్థం చేసుకోగలను. పంట మధ్యలో రైతుకి నిద్రే ఉండదు, ఇంకో ట్రిప్పంటే ఇంకో గంట. కానీ నాలుగో బస్తాకి నేను చెయ్యి కలపలేను, చెయ్యనని చెప్పేశాను.

రెండో విషయం రోడ్డు. మోటారు వాహనాల చట్టం 1988లో వాహనం అనే నిర్వచనంలోనే ట్రైలర్ కూడా ఉంది, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. బండి ఆకారం, వివరాలు ఆర్‌సీలో ఉన్నదానికి తేడాగా మార్చడాన్ని అదే చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. వంతెన మీద ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ సంగతి ఏమిటి? ఎదురుగా స్కూలు పిల్లల సైకిళ్ళు వస్తుంటాయి. షాపులో చేసిన ట్రైలర్‌ని పబ్లిక్ రోడ్డు మీదకి పంపనని చెప్పాను. అనుమతి కావాలంటే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి రండి, తర్వాతే పని అన్నాను.

రెండు రోజులు ఆలోచించుకుని ఆయనే దారి చెప్పారు. నాలుగైదు రోజులకోసారి ట్రాలీ ఆటోలో మేత మొత్తం చెరువుల దగ్గరి షెడ్డుకి చేరుస్తారు. ట్రైలర్ అక్కడి నుంచి సొంత గట్ల మీద, చెరువు చెరువుకీ మాత్రమే తిరుగుతుంది. ఈ కేసులో అన్నిటికన్నా మంచి నిర్ణయం ఇదే, అది నాది కాదు. ఏడు కిలోమీటర్ల రోడ్డూ, వంతెనా రెండూ ఆ పనిలోంచి పోయాయి. గట్ల మీద రెండు ట్రిప్పులంటే పది నిమిషాల తేడా.

అయితే గట్టు తేలికని కాదు. రెండు వైపులా నీళ్ళు, మధ్యలో మురుగు కాలువ తూము మీద చిన్న మిట్ట, వాన పడితే జారుడు. ట్రైలర్ సరిగ్గానే ఉండాలి.

పనిచేసింది

కొత్త పెట్టె ఒక మీటరు పొడవు. బస్తా అడ్డంగా పట్టేంత వెడల్పు. చక్రాలతో కలిపి సరిగ్గా మీటరు. వెడల్పు తగ్గితే పక్కకి ఒరిగే ప్రమాదం ఉంది, అందుకని ఇరుసుని వంచి పెట్టె అడుగుని చక్రాల మధ్యలోకి దించాను. మోపెడ్ షాక్ అబ్సార్బర్లు రెండు పెట్టాను. స్ప్రింగు లేని తేలిక ట్రైలర్ గుంతలో ఎగిరితే చక్రాలకి నేల మీద పట్టు పోతుంది. ఆ క్షణంలో దాన్ని దారిలో పెట్టేది ఏదీ ఉండదు.

ఇరుసుని పెట్టె మధ్యకి 12 సెంటీమీటర్లు వెనక పెట్టాను. నొగ పొడవు పెంచి, కొక్కెం నుంచి ఇరుసుకి దూరం 1.2 మీటర్ల నుంచి 1.55కి తెచ్చాను. పొడవు నొగతో ట్రైలర్ నిదానంగా స్పందిస్తుంది, చిన్న కదలికకి పెద్ద ఊపు రాదు. ఇంకా పెంచితే గట్టు మలుపులో లోపలి చక్రం అంచు దాటుతుంది. గట్టు మలుపు కొలిచి అక్కడ ఆపాను. ఖాళీగా 38 కిలోలు, అందులో నొగ మీద 7. మూడు బస్తాలు మధ్యలో వేస్తే మొత్తం 113, నొగ మీద సుమారు 13. పదకొండు శాతం.

కొక్కెం బ్రాకెట్‌ని క్యారియర్‌కి కాకుండా చాసిస్‌కే, షాక్ పై బోల్టుల దగ్గరా ఫుట్‌రెస్ట్ బోల్టుల దగ్గరా పట్టించి, కిందకి దించి 38 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టాను. వెనక ఇరుసు ఎత్తుకి దగ్గరగా. లాగుడైనా తోపుడైనా ఆ ఎత్తులో పడితే ముందు చక్రాన్ని కదిలించే శక్తి సగానికి తగ్గుతుంది.

జాయింట్ దగ్గర ఎక్కువసేపు ఆలోచించాను. పాత జీపు షాఫ్ట్ క్రాస్, అంటే ఇంజను నుంచి చక్రాలకి తిప్పుడు అందించే కడ్డీలో ఉండే కూడలి జాయింట్, తీసుకున్నాను. అది ఎడమకీ కుడికీ, పైకీ కిందకీ ఆడుతుంది. మెలి మాత్రం తిరగదు. అందుకని దాని వెనక నొగలోనే ఒక పైపులో ఇంకో పైపు పెట్టి, రెండు వైపులా బేరింగులతో, చివర కోట నట్టు (పైన గాళ్ళు ఉన్న నట్టు), అది ఊడకుండా ఆ గాళ్ళలో దూర్చే స్ప్లిట్ పిన్నుతో బిగించాను. ఇప్పుడు బండి ఎంత వాలినా ట్రైలర్‌కి తెలియదు. బండిని పూర్తిగా పక్కకి పడుకోబెట్టి చూశాం, ట్రైలర్ నిలబడే ఉంది. ఆయన మొహంలో మొదటిసారి ధైర్యం కనిపించింది.

సేఫ్టీ చైన్లు రెండు, నొగ కింద ఒకదాన్నొకటి దాటేలా. జాయింట్ తెగితే నొగ నేలకి గుచ్చుకోకుండా ఆ చైన్ల మీద పడుతుంది. వెనక ఎర్ర లైట్లు, రిఫ్లెక్టర్లు పెట్టాను, ఎందుకంటే రాత్రి మేత కూడా ఉంటుంది.

పరీక్ష తెల్లవారుజామున, మెటల్ వేసిన తిన్నటి గట్టు మీద చేశాం. ముందు ఖాళీగా, తర్వాత బరువుతో. ఇరవై, ముప్పై, నలభై. ఒక్కో వేగంలో నేను హ్యాండిల్‌ని చిన్నగా ఒకసారి కదిపి, ట్రైలర్ ఎన్ని ఊపుల్లో సద్దుమణుగుతుందో వెనక నుంచి కుర్రాడు లెక్కపెట్టాడు. పాతదాన్ని మూడు బస్తాలతో, కుర్రాడు వేసే పద్ధతిలోనే వేయించి అదే గట్టు మీద నడిపితే ముప్పైలో నాలుగైదు, ముప్పై అయిదులో ఎనిమిది. ఆపైన నేను వెళ్ళలేదు. కొత్తది నలభైలో రెండు ఊపులకే ఆగింది. గట్టు మీద ఇరవై అయిదు దాటొద్దని చెప్పాను. నలభై దాకా చూసింది ఆయన వెళ్ళడానికి కాదు, హద్దు ఎంత దూరంలో ఉందో తెలుసుకోవడానికి.

ఊపు వస్తే ఏం చేయాలో కూడా నేర్పించాను. బ్రేకు కొట్టకూడదు, యాక్సిలరేటర్ పెంచకూడదు. హ్యాండిల్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి. తూము మిట్ట దిగేముందే గేరు తగ్గించుకోవాలి.

మళ్ళీ వచ్చిన ఊపు

నెల తర్వాత ఫోన్. "మళ్ళీ తోక ఆడుతోందండి." బేరింగులే పోయాయనుకుని వెళ్ళాను. బేరింగులు బాగున్నాయి, గాలి సరిగ్గా ఉంది, దారం కొలత సమానం. బరువుతో నొగ తూకం వేస్తే 3 కిలోలు. తలుపు తీసి చూస్తే బస్తాలు మూడూ వెనక్కి జారి ఉన్నాయి. పెట్టె అడుగు నున్నటి రేకు, తూము మిట్ట ఎక్కినప్పుడల్లా కాస్త కాస్త జారాయి. షాపు దగ్గర మిట్ట లేదు, కాబట్టి నాకు ఇది తట్టలేదు.

అడుగున రబ్బరు పట్టా వేసి, బస్తాల వెనక అడ్డంగా ఒక కొబ్బరి మాను బద్ద బోల్టుతో బిగించాను. పెట్టె పక్క గోడ మీద ఎర్ర రంగుతో గీత గీశాను, బస్తా ఆ గీత దాటకూడదని. కుర్రాడికి శాతాలు చెప్పలేదు. బండికి తగిలించే ముందు నొగ ఎత్తి చూడు, సగం బస్తా బరువు తగలాలి అని చెప్పాను. రైతు లేనప్పుడు వేసేది అతనే. ఇప్పటికి రెండు పంటలు గడిచాయి, కుర్రాడు ప్రతి ట్రిప్పుకీ నొగ ఎత్తి చూస్తున్నాడు. స్ప్లిట్ పిన్ను పంటకోసారి మారుస్తున్నాం.

మొన్న ఆయన మళ్ళీ వచ్చారు, నాలుగో బస్తా గురించే. బరువు పెరిగితే ట్రైలర్‌కి సొంత బ్రేకు ఉండాలని, అప్పటికీ మొత్తం 126 దాటడానికి వీల్లేదని చెప్పాను. అంటే పెట్టెలో ఇంకో పన్నెండు కిలోలు తగ్గించాలి. అడుగు రేకు తీసి వెదురు తడిక వేస్తే ఎంత తగ్గుతుందో తూకం వేయడానికి ట్రైలర్‌ని షాపులోనే దించి వెళ్ళారు.